గుంటలో పది అడుగులు

నేను ఒక ఇనుప పట్టీని. అరచేయంత వెడల్పు, పది అడుగుల పొడవు, ఒంటి నిండా గీతలూ అంకెలూ. వాననీటి గుంటలో నిటారుగా నిలబడి, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెప్పడం నా ఉద్యోగం. చెప్పడం అన్నాను గానీ నాకు నోరు లేదు. ఎవరైనా వచ్చి చూస్తేనే నేను చెప్పినట్టు. ఆరేళ్లపాటు నన్ను ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఒకావిడ చూసింది. ఇప్పుడు చెప్పబోయేది ఎక్కువగా ఆవిడ కథే.

నేను పుట్టింది ఎర్రగుట్ట పట్టణంలో, బస్టాండు వెనక ఉన్న వెల్డింగు షాపులో. గేట్లకూ కిటికీలకూ తెచ్చిన ఇనుములోంచి నన్ను కోసి, అంచులు నున్నగా రాకి, పెయింటర్ లింబాద్రి దగ్గరికి పంపారు. లింబాద్రి ఊళ్లో సగం దుకాణాల బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక అతనికి పని తగ్గింది, పనితనం తగ్గలేదు. నాకు తెల్లరంగు రెండు పూతలు వేసి, ఎండలో ఆరబెట్టి, అంగుళానికో నల్లగీత గీసి, అడుగుకో ఎర్రటి అంకె వేశాడు, సున్నా నుంచి పది దాకా. నన్ను తీసుకుపోవడానికి వచ్చిన మేస్త్రీకి అంత ఓపిక లేదు.

“గుంతల పాతేదానికి గింత సోకెందుకే లింబన్నా? ఎవలు జూస్తరు దాన్ని?” అన్నాడు.

“మనుషులు జూడకుంటె నీళ్లు జూస్తయి తియ్యి,” అని లింబాద్రి మూడో అంకె వంపును మళ్లీ ఒకసారి దిద్దాడు.

ఆ గుంట సంగతి కొంచెం చెప్పాలి. ఊరికి పేరు తెచ్చిన గుట్ట వాలులో అప్పుడే కొత్త కాలనీ ఒకటి లేచింది. అంతకుముందు అక్కడ సీతాఫలం పొదలూ రాళ్లూ ఉండేవి. వాన పడితే సగం నేల తాగేది, మిగతాది నిదానంగా కిందికి దిగేది. కాలనీ వచ్చాక వాలంతా స్లాబులూ సిమెంటు రోడ్లూ అయింది. పడిన చుక్క పడినట్టే కిందికి ఉరకడం మొదలుపెట్టింది. కింద ఉన్నది కుమ్మరివాడ, నూటయిరవై ఇళ్లు. అందుకని లేఅవుటుకు అనుమతి ఇచ్చేటప్పుడే షరతు పెట్టి, కాలనీకీ వాడకూ మధ్య పది అడుగుల లోతు గుంట తవ్వించారు. పైనుంచి వచ్చిన నీళ్లు అందులో ఆగాలి. అడుగున ఉన్న చిన్న తూము గుండా కొంచెం కొంచెంగా కాలువలోకి పోవాలి. రెండు రోజుల్లో గుంట ఖాళీ అయి వచ్చే వానకు సిద్ధంగా ఉండాలి. తూముకు చెత్త అడ్డం పడకుండా ముందు ఒక ఇనుప జాలీ. నీళ్లు కొలవడానికి నేను. గుంటలో రాతి కడీ పాతి, నన్ను దానికి బోల్టులతో బిగించారు.

గుంట పూర్తికాగానే లేఅవుటు యజమాని దాన్ని పురపాలక సంఘానికి అప్పగించాడు. కట్ట మీద షామియానా వేశారు. శాలువాలు కప్పుకున్నారు. “ఈ గుంట నిర్వహణ బాధ్యత ఇకపై పురపాలక సంఘానిది” అని రాసి ఉన్న కాగితం మీద సంతకాలు జరిగాయి, ఫొటోలు తీశారు. కాగితం ఆఫీసులో ఒక బీరువాలోకి వెళ్లింది. నేను గుంటలో ఉండిపోయాను. మనుషులు సంతకం పెట్టేటప్పుడు బాధ్యత అనే మాటను ఎంత గట్టిగా పలుకుతారో ఆ రోజు విన్నాను. అది మళ్లీ వినపడడానికి చాలా కాలం పట్టింది.

నా సున్నా మొదటి వానాకాలంలోనే కనబడకుండా పోయింది. కాలనీలో ఇంకా ఇళ్లు కడుతూనే ఉన్నారు. ప్రతి వానకూ ఇసుకా సిమెంటూ కలిసిన బూడిదరంగు నీళ్లు వచ్చేవి. నీళ్లు పోయేవి, బురద ఉండిపోయేది. రెండో ఏడు ఒకటి మునిగింది, ఆ పై ఏడు రెండు. జాలీకి ప్లాస్టిక్ సంచులు, థర్మాకోల్ ముక్కలు, ఎవరివో చెప్పులు అతుక్కుని తూము మూసుకుపోయింది. రెండు రోజుల్లో పోవలసిన నీళ్లు రెండు నెలలు ఉండేవి. దోమలు పెరిగాయి. పై కాలనీవాళ్లు ముక్కు మూసుకుని సంచి విసిరి పోయేవాళ్లు. ఆరేళ్లకు బురద నా ఐదో అంకె దాకా వచ్చింది. కాగితం మీద మాత్రం గుంట పది అడుగుల లోతే.

ఆ ఏడు ఆషాఢంలో, బోనాలు ఇంకా నాలుగు రోజులున్నాయనగా, మధ్యాహ్నం పూట పెద్ద వాన పట్టింది. అప్పటికే గుంటలో పాత నీళ్లు ఎనిమిది దాకా ఉన్నాయి. అరగంటలో పది దాటాయి. నేను పూర్తిగా మునిగాను. పైన ఏదో పెద్ద మొద్దు వచ్చి కడీకి తగిలింది. నా పై బోల్టులు రెండు ఊడిపోయాయి. కట్ట మీదుగా నీళ్లు దూకుతున్న చప్పుడు మాత్రం వినిపించింది, వాడలో ఏం జరిగిందో అప్పుడు నాకు తెలియదు. తర్వాత భూలక్ష్మి నోటే విన్నాను.

భూలక్ష్మి కుమ్మరివాడ మనిషి. పురపాలక సంఘంలో ఔట్‌సోర్సింగు మీద వీధులు ఊడ్చి కాలువలు తీసే కార్మికురాలు. భర్త ఓదెలు కుండలు చేస్తాడు. బోనాలకని ఆ నెలంతా కూర్చుని మూడు వందల కుండలు చేసి, ఇంటి ముందు రేకుల కింద ఆరబెట్టాడు. వాములో పెట్టి కాల్చడానికి ఇంకొక్క రోజు ఎండ చాలు. భూలక్ష్మి డ్యూటీలో ఉండగా వాన వచ్చింది. చీపురు అక్కడే పడేసి ఉరికింది. ఇంట్లోకి వెళ్లేసరికి అత్త మంచం మీద ఉంది, ఆ మంచాన్ని ఓదెలు ఇంకో మంచం మీదికి ఎత్తి పట్టుకున్నాడు. నడుము లోతు నీళ్లు. అత్తను భుజాన వేసుకుని ఇద్దరూ బడి మేడ మీదికి చేరారు. సాయంత్రం తిరిగి వచ్చి చూస్తే రేకుల కింద ఒక్క కుండ లేదు. కాల్చని కుండ నీళ్లు తగిలితే మళ్లీ మట్టే అవుతుంది. మూడు వందల కుండలూ కలిసి ఒక్క బురద కుప్ప అయ్యాయి. ఓదెలు ఆ కుప్ప ముందు కూర్చుని, దాంట్లో చేయి పెట్టి, చాలాసేపు పిసుకుతూ ఉన్నాడట.

మర్నాడు కట్ట మీదికి జనం వచ్చారు. కాలనీ సంఘంవాళ్లు గుంట మునిసిపాలిటీది అన్నారు. మునిసిపాలిటీ నుంచి వచ్చినాయన లేఅవుటు యజమానిది అన్నాడు. యజమాని ఫోనులో తాను ఎప్పుడో అప్పగించేశానన్నాడు. చెరువుల శాఖ నుంచి వచ్చిన ఇంకొకాయన, తమ జాబితాలో ఈ పేరు గల చెరువే లేదన్నాడు. నలుగురూ నిజాయితీగానే అన్నారని నా నమ్మకం, ఎందుకంటే నలుగురిలో ఒక్కరూ ఏ కాగితమూ చదవలేదు. గుంటలోకి తొంగి చూసినవాళ్లు కూడా లేరు. కట్ట మీదే మాట్లాడుకుని కట్ట మీద నుంచే వెళ్లిపోయారు.

రెండు వారాలకు పాత ఇనుము ఏరేవాళ్లిద్దరు వచ్చారు. నా కింది బోల్టులు అప్పటికే తుప్పు తిన్నాయి. నన్ను అటూ ఇటూ ఊపి బురదలోంచి లాగి, ఖాజా భాయ్ పాతసామాన్ల దుకాణంలో వేశారు. ఆ దుకాణంలో సైకిలు రిమ్ముల పక్కన, రెక్కలు విరిగిన ఫ్యాన్ల పక్కన నాలుగు రోజులు పడుకున్నాను. అక్కడికి చేరినవాళ్లంతా ఒకప్పుడు ఏదో ఒక పని చేసినవాళ్లే. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

ఐదో రోజు పొద్దున భూలక్ష్మి ఆ గల్లీ ఊడుస్తూ వచ్చి, దుకాణం ముందు ఆగిపోయింది. చీపురు చంకలో పెట్టుకుని వంగి, నా మీద వేలు పెట్టి చూసింది. నా పై సగం ఎండకు వెలిసిపోయి తెల్లగా ఉంది. ఐదు దగ్గర, కత్తితో కోసినట్టు, ఆ తెలుపు ఆగిపోయింది. కింది సగమంతా బూడిదరంగు మట్టి గట్టిపడి సిమెంటులా అంటుకుని ఉంది. ఆమె చదువుకున్నది మూడో తరగతే గానీ అంకెలు బాగా వచ్చు. ఒక నిమిషం అట్లాగే చూసింది.

“ఖాజా భాయ్, ఇది గుంతల నంబర్ల పట్టీ గదా. నీ దగ్గరికెట్లొచ్చింది?”

“ఎవలో పోరగాండ్లు తెచ్చి ఏసిన్రక్కా. సర్కారుదని నాకేమెరుక? తీస్కపో, నాకెందుకు లొల్లి.”

“దీనికి అంటిన మట్టి దులపకు. గోకకు. గట్లనే ఉండాలె.”

చెత్త ఆటోలో నన్ను పడుకోబెట్టి సోమవారం దాకా తన ఇంట్లో గోడకు ఆనించింది. సోమవారం ప్రజావాణి. ఊళ్లో వాళ్లు కమిషనరుకు అర్జీలు ఇచ్చే రోజు. మునిసిపాలిటీలో పని చేసే మనిషి మునిసిపాలిటీ మీద అర్జీ ఇవ్వడానికి వరసలో నిలబడడం సూపర్‌వైజరుకు నచ్చలేదు. ఉద్యోగం పోతుందని చెవిలో చెప్పాడు. ఆమె వినిపించుకున్నదో లేదో తెలియదు, వరస మాత్రం వదల్లేదు. ఒక చివర తాను, ఒక చివర ఓదెలు పట్టుకుని నన్ను హాల్లోకి మోసుకొచ్చారు. కమిషనరు బల్ల ముందు నేల మీద పరిచారు.

“ఏందమ్మా ఇది?” అన్నాడు కమిషనరు.

“సార్, గుంత పది ఫీట్లని అన్నరు. మొన్న నీళ్లెందుకు పొర్లినయంటె వాన పెద్దదన్నరు. ఇగో, గుంతల నిలబడ్డది ఇదే. ఇక్కడిదాంక మన్ను. ఐదు ఫీట్లు మన్ను తిన్నది సార్. ఇంక వాన పెద్దదో చిన్నదో దానికెట్ల తెలుస్తది?”

హాల్లో అర్జీలు పట్టుకుని నిలబడ్డవాళ్లంతా నా చుట్టూ మూగారు. కమిషనరు పక్కన కూర్చున్న ఒక యువతి లేచి వచ్చి, నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, బ్యాగులోంచి టేపు తీసి నన్ను కొలిచింది. ఆమె పేరు రఫియా, అసిస్టెంట్ ఇంజనీరు. ఊరికి వచ్చి పది రోజులైంది. మట్టిని గోటితో గీకి చూసి, భూలక్ష్మి వైపు తలెత్తింది.

“దీన్ని కడగనియ్యకుండ ఎవరు ఆపిన్రు?”

“నేనే మేడం.”

“మంచి పని చేసినవ్ అక్కా.”

ఆ తర్వాత మూడు రోజులు రఫియా బీరువాలు వెతికింది. నేను ఆమె గదిలో మూలన నిలబడి చూశాను. మూడో రోజు దుమ్ము పట్టిన కట్ట ఒకటి విప్పి, ఒక కాగితం దగ్గర ఆగి, కుర్చీలో వెనక్కి వాలింది. మర్నాడు సమావేశానికి నన్నూ తీసుకెళ్లారు, అక్కడ మళ్లీ ఆ పాత మాటలే వచ్చాయి, యజమానిదేమో, ఆ శాఖదేమో అని. రఫియా కాగితం బల్ల మీద పెట్టింది.

“మనదే సార్,” అంది.

చైర్మన్ మాధవరావు కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన సంతకమే ఉంది దాని మీద. ఆయన ముఖం ఎర్రబడింది గానీ, గొంతు పెంచలేదు. “మరి మనదైతే మనమే జెయ్యాలె గదా,” అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగిన మొదటి రోజు అది.

పద్దెనిమిది రోజులు పూడిక తీశారు. ట్రాక్టర్లు పోతూనే ఉన్నాయి. ఓదెలు ఒక తట్టెడు మట్టి ఇంటికి తీసుకుపోయి సారె మీద పెట్టి చూశాడు. పెళుసుగా విరిగిపోయింది. “ఇది మన్ను గాదు, కాలనీవోళ్ల సిమెంటు,” అని తిరిగి తెచ్చి పారబోశాడు. జాలీ మార్చారు. జాలీ పక్కదాకా నడిచి వెళ్లడానికి చిన్న వంతెన వేశారు. ఎవరో ఒకరు రోజూ శుభ్రం చెయ్యాలంటే కాలు పెట్టే చోటు ఉండాలి కదా అన్నది రఫియా ఆలోచన. ముందు కట్టినవాళ్లకు అది తట్టనే లేదు.

నన్ను మళ్లీ లింబాద్రి దగ్గరికి పంపారు. ఆయన కళ్లద్దాలు మందమయ్యాయి. చేయి కొంచెం వణుకుతోంది. అయినా తెల్లరంగు రెండు పూతలే వేశాడు. కొత్త కడీ, కొత్త బోల్టులు. నన్ను నిలబెట్టిన రోజున షామియానా లేదు. పురపాలక సంఘం ఒక తీర్మానం చేసింది: ఏడాదికి రెండుసార్లు పూడిక చూడాలి, రోజూ జాలీ శుభ్రం చేయాలి, వాన పడ్డప్పుడల్లా నీటిమట్టం రాసిపెట్టాలి. ఆ పని భూలక్ష్మికి ఇచ్చారు.

ఆవిడ పని చేసే తీరు చూడాలి మీరు. పొద్దున ఆరింటికి వచ్చేది. పొడుగు కర్రకు బిగించిన దంతెతో జాలీ మీద పడ్డ సంచులూ ఆకులూ లాగి తట్టలో వేసేది. ఆ తర్వాత నా దగ్గరికి దిగి, తడిగుడ్డతో సున్నా దాకా తుడిచేది. ఎవరూ చూసేవాళ్లు లేని రోజున కూడా తుడిచేది. కాలనీ నుంచి ఎవరైనా సంచి విసరబోతే గొడవ పెట్టుకునేది కాదు. “అమ్మా, మీరు ఏసింది నేనే తియ్యాలె. ఇటియ్యుండ్రి, మల్ల వంగుడెందుకు,” అని చేయి చాపేది. చేతికి ఇవ్వడానికి వాళ్లకు సిగ్గేసేది. నెల తిరిగేసరికి సంచులు సగానికి తగ్గాయి.

పూడిక తీశాక వచ్చిన మొదటి పెద్ద వానకు ఆమె గొడుగు పట్టుకుని కట్ట మీద నిలబడి, గంట గంటకూ రఫియాకు ఫోను చేసింది. “మేడం, రెండు... నాలుగున్నర... ఏడు. ఏడు కాడ ఆగింది.” మూడు గంటల్లో ఏడు అడుగులు. రెండు రోజుల్లో అంతా పోయింది. వాడలో ఒక్క గడప తడవలేదు. ఆ అంకెలన్నీ పుస్తకంలో ఎక్కాయి. నన్ను ఒకరు చూడడం, చూసింది రాయడం, రాసింది ఇంకొకరు చదవడం. ఇనుముకు అంతకంటే ఏం కావాలి?

మనుషులకు మాత్రం కావాలి. మరుసటి ఏడు చైర్మన్ మాధవరావుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. ఊరి వాళ్లు సాయంత్రం పూట కూర్చోవడానికి ఒక చోటు లేదని ఆయనకు నిజంగానే బాధ. గుంటలో ఎప్పుడూ ఐదు అడుగుల నీళ్లు నిలిపి, హంసల ఆకారంలో పడవలు వేస్తే ఎంత బాగుంటుంది! తూముకు చెక్క పలకలు బిగించి నీళ్లు నిలిపించారు. రఫియా వద్దని కాగితం రాసి ఇచ్చింది. ఆయన నవ్వి, “వానలు జోరుగ పడ్డప్పుడు తీసేద్దాం తియ్యి బిడ్డా,” అన్నాడు. పడవలు వచ్చాయి. కట్ట మీద దీపాలు పెట్టారు. ప్రారంభోత్సవానికి తేదీ పెట్టి కార్డులు పంచారు. నిజం చెప్పాలంటే, నిశ్చలంగా ఉన్న నీళ్లలో నా నీడ చూసుకుని నాకూ బాగానే అనిపించింది.

ప్రారంభోత్సవానికి మూడు రోజుల ముందు వాతావరణం వాళ్ల హెచ్చరిక వచ్చింది. రేపు మధ్యాహ్నం నుంచి అతి భారీ వర్షం. రఫియా ఫోన్ల మీద ఫోన్లు చేసింది. కమిషనరు ఊళ్లో లేడు. చైర్మన్ ఫోను ఎత్తలేదు. భూలక్ష్మి ఆ పొద్దున జాలీ దగ్గర పని ముగించి, దంతె వంతెన మీద పెట్టి, తిన్నగా చైర్మన్ ఇంటికి నడిచింది. ఆయన అరుగు మీద చాయ తాగుతున్నాడట.

“సార్, ఒక్కసారి నాతోని గుంతకాడికి రావాలె.”

“ఏందవ్వా, పొద్దుగాల్నే?”

“చెప్తె సమజ్ గాదు సార్. జూడాలె.”

ఏమనుకున్నాడో గానీ వచ్చాడు. తెల్లబట్టల్లో, చెప్పులతో, కట్ట మీద నాకు ఎదురుగా నిలబడ్డాడు. అప్పటికి రఫియా కూడా చేరుకుంది. ఆకాశం ఒక పక్క నల్లబడుతోంది.

“ఆ పట్టీ మీద నీళ్లు ఎక్కడున్నయ్ సార్?” అంది భూలక్ష్మి.

“ఐదు కాడ.”

“నిరుడు పెద్దవానకు ఏడు ఫీట్లు లేసినయి. బుక్కుల రాసినం, మేడం దగ్గర ఉన్నది. ఐదు మీద ఏడు లేస్తె ఎంతయితది సార్?”

ఆయన పెదవులు కదిలాయి, లెక్క చూసుకున్నట్టు.

“గుంతల పట్టేది పదే,” అంది ఆమె. “మిగిలిన రెండు ఫీట్లు ఎక్కడికి పోతయి? మా ఇండ్లల్లకే గద సార్ వచ్చేది.”

“కార్డులు పంచినం గదమ్మా. మంత్రిగారు కూడ వస్తనన్నరు.”

“కార్డులు మల్ల కొట్టియ్యొచ్చు సార్. మా ఆయన మల్ల మూడు వందల కుండలు జేసిండు. ఇంక కాల్చలె.” ఆమె తన ఇంటి రేకుల వైపు చేయి చూపింది. “ముసలామె ఇంక మంచం మీదనే ఉన్నది సార్.”

మాధవరావు కట్ట కింద వాడ వైపు చూశాడు. రేకుల కింద కుండలు కనిపిస్తున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, బూడిదరంగులో, తడి ఇంకా పూర్తిగా ఆరకుండా. చాలాసేపు చూసి రఫియా వైపు తిరిగాడు.

“పలకలు తీపియ్యి బిడ్డా. నా మాటగా రాసుకో.”

తీయడం మాటలన్నంత సులువు కాలేదు. నీళ్లకు నానిన చెక్కలు ఉబ్బి గాడుల్లో బిగుసుకుపోయాయి. పైన ఐదు అడుగుల నీటి బరువు. భూలక్ష్మి నడుముకు తాడు కట్టుకుని గడ్డపారతో నీళ్లలోకి దిగింది. మెడ దాకా వచ్చాయి. ఓదెలు పరుగున వచ్చి రెండో గడ్డపార వేశాడు. కట్ట మీద తాడు చివర రఫియా పట్టుకుంది. ఒక్కదానివల్ల కావడం లేదని చూసి చైర్మన్ చెప్పులు విడిచి, ఆ తెల్లబట్టలతోనే బురదలో కాళ్లు తన్నిపట్టి తాడు అందుకున్నాడు. మొదటి పలక కదలడానికి గంట పట్టింది. రెండోది విరిగి వచ్చింది. మూడోది లేచిన క్షణాన నీళ్లు ఒక్కసారిగా లాగితే భూలక్ష్మి జాలీకి కొట్టుకుంది. తాడు బిగిసింది. పైన ఉన్న ఇద్దరూ వెనక్కి పడ్డారు గానీ వదల్లేదు. ఆమె పైకి వచ్చేసరికి మోచేయి చీరుకుపోయి రక్తం కారుతోంది. “పోతున్నయా?” అని మాత్రం అడిగింది. పోతున్నాయి. నా ఐదో అంకె కింద అంగుళం మేర తడి చార కనిపించింది.

ఆ రోజంతా, మర్నాడు పొద్దుటి దాకా నీళ్లు దిగుతూనే ఉన్నాయి. నాలుగు, మూడు, రెండు. మర్నాడు మధ్యాహ్నం, నీళ్లు ఒకటిన్నర అడుగు దగ్గర ఉండగా వాన మొదలైంది.

నేను చూసిన వానల్లో అంత పెద్దది లేదు. గుట్ట మీదినుంచి నీళ్లు గోడలాగా వచ్చాయి. మొదటి గంటకే నాలుగు దాటింది. వాడవాళ్లంతా కట్ట మీద గుమిగూడారు. భూలక్ష్మి మోచేతికి కట్టుతోనే వంతెన మీద నిలబడి, దంతెతో జాలీ మీద పడే కొమ్మల్ని లాగేస్తూ, తల తిప్పి నన్ను చూసి అంకె అరిచేది. “ఆరు!” కట్ట మీదివాళ్లు వాడలోకి అరిచేవాళ్లు. “ఏడు!” నిరుడు ఆగిన చోట ఈసారి ఆగలేదు. “ఎనిమిది!” మంచాలు ఎత్తడం మొదలైంది. “తొమ్మిది!” ఓదెలు కుండల వైపు పరుగెత్తి, రెండు కుండలు చంకల్లో పెట్టుకుని, మిగతావాటిని ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. రఫియా వంతెన మీదికి వచ్చి ఇంకో దంతె అందుకుంది. ఇద్దరూ లాగుతూనే ఉన్నారు.

నీళ్లు తొమ్మిదిన్నర మీద నిలిచాయి. ఒక నల్లగీత మీద అవి వణుకుతూ ఉండడం నాకు తెలుస్తోంది. పైకి పోతాయా, కిందికి వస్తాయా అన్నది నా చేతుల్లో లేదు. వాన సన్నబడింది. పావుగంట గడిచింది. భూలక్ష్మి కళ్లు చికిలించి చూసింది.

“అంగుళం దిగింది,” అంది మెల్లగా. ఎవరికీ వినిపించలేదు. మళ్లీ అరిచింది. అప్పుడు కట్టంతా అరిచింది. రఫియా వంతెన మీద కూలబడి, తడిసిన మొహం దుపట్టాతో తుడుచుకుంటూ, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఉండిపోయింది.

ప్రారంభోత్సవం జరగలేదు. హంసపడవలు పిల్లల పార్కులో నేల మీద కూర్చున్నాయి. వాటిలో పిల్లలు ఎక్కి ఊగుతుంటారట. తూముకు పలకలు బిగించకూడదని మాధవరావు తానే ఇంకో తీర్మానం పెట్టించాడు. ఈసారి సంతకం పెట్టే ముందు చదివాడని రఫియా ఎవరితోనో అంటుంటే విన్నాను.

ఇదంతా జరిగి మూడేళ్లు. రఫియాకు బదిలీ అయింది. కొత్త ఇంజనీరుకు కూడా భూలక్ష్మే గుంట చూపించి, నా అంకెలు చదవడం, జాలీ ఎత్తడం నేర్పింది. ఔట్‌సోర్సింగు మీదే ఉంది ఇప్పటికీ. ఆ సంగతిలో మనుషుల తీరు నాకు అర్థం కాదు.

మొన్న పక్క జిల్లా మునిసిపాలిటీ నుంచి ఒక బృందం వచ్చింది. ఎర్రగుట్టలో వాననీటి గుంట బాగా నిర్వహిస్తున్నారని విని చూడడానికి వచ్చారు. ఎండ మండుతోంది. గుంట అడుగున గరిక మొలిచి ఉంది. రెండు మేకలు మేస్తున్నాయి. జాలీ శుభ్రంగా ఉంది. అంతకుమించి ఏమీ లేదు. వాళ్లలో పెద్దాయన కట్ట మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. కెమెరా ఎత్తి, దేన్ని తీయాలో తోచక దించాడు.

“గింత దూరం వచ్చినం. ఇక్కడ చూడనీకి ఏమున్నదమ్మా?” అన్నాడు కొంచెం నిరాశగా.

భూలక్ష్మి దంతె భుజాన వేసుకుని, తట్ట ఎత్తుకుంటూ నవ్వింది.

“ఏం లేదు సార్. ఏం లేకుంట ఉంచుడే నా డ్యూటీ.”